నేల తుడిచిన రోజు

వంటగది. మధ్యాహ్నం రెండు దాటింది. పెద్దమ్మ, నేను.

"మళ్ళీ మొదట్నించి చెప్పు. షూటింగ్ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఇందాక చెప్పాను కదా పెద్దమ్మా."

"నాకు వినపడలేదు. నువ్వు మాట్లాడితే నీకే వినపడదు. చెప్పు."

"నేను. నువ్వు. పెదనాన్న. అక్క. నాన్నమ్మ తన గదిలో. ఇంకా షూటింగ్ వాళ్ళు."

"వాళ్ళు అంటే ఎలా? ఒక్కొక్కళ్ళని చెప్పు."

"డైరెక్టరుగారు. కెమెరా ఆయన. లైట్లవాళ్ళు ముగ్గురు. మేకప్ ఆవిడ. మిల్లువాళ్ళ వేషాలు వేసినవాళ్ళు ఏడుగురు. అసిస్టెంటు ఒకాయన, గొంతు పోయినాయన. ఇంకా ముత్తవ్వ."

"ఎవరూ?"

"అంటే ముత్తవ్వ వేషం వేసినావిడ."

"అలా చెప్పు. పోయినావిడ నిజంగానే వచ్చి కూర్చుందేమోనని గుండె జారిపోయింది. వచ్చినా బాగుండేది. నీకు రెండు తగిలించి పోయేది. ఆ రోజు తీసిన సీను ఏంటి?"

"నీకు తెలుసు కదా."

"నాకు తెలుసు. నీకు తెలుసో లేదో తెలియాలి."

"మిల్లువాళ్ళు మన చిన్న ముత్తాత కోసం వచ్చే సీను."

"ఎందుకొస్తారు?"

"పడవల రేవు దగ్గర గొడవలో ఆయన మిల్లువాళ్ళ అబ్బాయిని కొడితే ఆ అబ్బాయి చచ్చిపోతాడు. చిన్న ముత్తాత వచ్చి మన ఇంట్లో అటక మీద దాక్కుంటాడు. మిల్లువాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. ముత్తవ్వ గుమ్మంలో రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడుతుంది. మరిది కదా. వాళ్ళు ఆవిడని తోసేసి లోపలికెళ్ళి ఆయన్ని..."

"ఆయన్ని?"

"చంపేస్తారు."

"ఊ. ఉయ్యాలలో పిల్లని లేపి అడిగినా ఈ ఊళ్ళో అదే చెబుతుంది. నాలుగు రోడ్ల దగ్గర ఆవిడ విగ్రహం ఎలా ఉంటుంది?"

"చేతులు చాపి."

"నువ్వు చదివే బడికి ఎవరి పేరు?"

"ముత్తవ్వ పేరు."

"మరి నిన్న సాయంత్రం టీవీలో ఆవిడ చేతులు చాపిందా?"

"లేదు."

"ఏం చేసింది?"

"తలుపు తీసి పక్కకి జరిగింది."

"జరిగి?"

"'చెప్పులు బయట విడిచి రండి. ఇప్పుడే నేల తుడిచాను' అంది."

"ఎంత చక్కగా చెప్పావు. ఈ మాటకి మాత్రం గొంతు బాగానే వస్తోందే. ఆవిడకి ఆ మాట ఎవరు అందించారు?"

"నేనే."

"నువ్వే. ఆ మూత ఇలా ఇవ్వు. అది కాదు, పెద్దది. అసలు నిన్ను అక్కడికి ఎవరు రమ్మన్నారు?"

"ఆవిడకి మన భాష రాదు పెద్దమ్మా. పక్కనుంచి ఒకరు మాట చెబితే విని అలాగే పలుకుతుంది. తర్వాత వేరేవాళ్ళు గొంతు పెడతారట. రోజూ అందించే అసిస్టెంటుకి గొంతు పోయింది. 'తప్పుల్లేకుండా చదవడం వచ్చినవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉన్నారా' అన్నారు. మొదట అక్కనే అడిగారు."

"మరి అది ఎందుకు వెళ్ళలేదు?"

"కెమెరాలో కనపడనని తెలిసి రానంది."

"దానికి బుద్ధుంది. సరే, కాగితంలో ఏం రాసుంది?"

"'నా శవం మీదుగా నడిచి వెళ్ళండి' అని."

"చూడు, ఎంత పౌరుషంగా ఉందో. చదివి ఊరుకోవచ్చుగా."

"చదివాను. ఆరుసార్లు. ఆవిడకి శవం అనే మాట నోరు తిరగలేదు. 'సేవం' అంది. 'చవ్వం' అంది. మిల్లువాళ్ళ వేషాలవాళ్ళు కర్రలు పట్టుకునే పడీపడీ నవ్వారు. అప్పుడు డైరెక్టరుగారు కాగితం నలిపేసి, 'ఈ మాట వంద సీరియల్సులో విని నాకే శవంలా అయిపోవాలని ఉంది, ఇంకో మాట చెప్పండి ఎవరైనా' అన్నారు."

"ఎవరైనా అన్నాడు. నిన్ను అన్నాడా?"

"నన్ను అనలేదు."

"మరి?"

"ఎవరూ చెప్పలేదు. అందరూ కింద చూస్తున్నారు. అప్పుడు..."

"అప్పుడు మా గుసగుస నోరు తెరిచింది."

"మెల్లిగానే అన్నాను పెద్దమ్మా. ఆవిడ చెవిలో. ఆవిడే పెద్దగా పలికేసింది."

"పదేళ్ళుగా నిన్ను గుసగుస అని పిలుస్తున్నాం. ఒక్క పూట గుసగుసలాడితే పది ఊళ్ళకి వినపడింది. ఆవిడ పలికాక ఏమయింది?"

"నవ్వుతున్నవాళ్ళు కూడా ఆపేశారు. డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నా దగ్గరికొచ్చి 'ఈ మాట ఎక్కడిదమ్మా' అన్నారు."

"ఎక్కడిదన్నావు?"

"మా ఇంటిదే అన్నాను."

"మా ఇంటిదే. విన్నావా గోడా, మా ఇంటిదేనట."

"ఆయన సీనంతా మార్చేశారు. చేతులు చాపొద్దన్నారు. తలుపు తీసి పక్కకి జరగమన్నారు. నేను వద్దని చెబుదామనుకున్నా."

"చెప్పావా?"

"లేదు."

"ఎందుకని?"

"అందరూ నావైపే చూస్తున్నారు."

"చూస్తే?"

"ఏమీ లేదు."

"చూస్తే ఎలా ఉందో చెప్పవే. నాకూ తెలుసుకోవాలనుంది."

"బాగుంది."

"బాగుందా."

"కాసేపే."

"ఆ కాసేపటికి ఏమయిందో తెలుసా నీకు? పొద్దున్న పెదనాన్న నడకకి వెళ్ళి సగం దారిలోంచే తిరిగొచ్చారు. విగ్రహం కాళ్ళ దగ్గర ఎవరో పాత చెప్పులు వరసగా పేర్చి పెట్టారు. ఏడు జతలు. ఆయనే ఒంగి ఒక్కొక్కటీ తీసి కాలవలో పారేశారు. బడికి పేరు మార్చాలని మిల్లువాళ్ళు అప్పుడే సంతకాలు మొదలుపెట్టారట. వాళ్ళ పెద్దకోడలు ఫోను చేసి ఏమందో చెప్పనా? 'మావాళ్ళకి మీ ఇంట్లో అంత మర్యాద జరిగిందని ఇన్నాళ్ళూ తెలీలేదు వదినా' అంది. నన్ను వదినా అంది. రెండిళ్ళలో కలిపి తొమ్మిది మంది పోయాక, డెబ్భై ఏళ్ళ తర్వాత, నాకు ఆడపడుచు వరస కలిపింది నీ పుణ్యాన."

"తప్పయిపోయింది పెద్దమ్మా."

"ఆ మాట ఎక్కడ దొరికింది నీకు?"

"నాన్నమ్మ అంది."

"ఎప్పుడు?"

"వానాకాలంలో. ఒకరోజు మధ్యాహ్నం. తను పడుకుంది. నేను పక్కన కూర్చుని రాసుకుంటున్నా. నిద్రలో అంది."

"నిద్రలోనా?"

"కళ్ళు మూసుకునే ఉంది. మిల్లువాళ్ళు వచ్చిన రోజు గురించి ఏదో అంటూ అంటూ ఈ మాట అంది. లేచాక అడిగితే 'నేనేమన్నానే, ఏమీ అనలేదు' అంది."

"నిద్రలో ముసలావిడ ఏదో గొణిగితే దాన్ని పట్టుకెళ్ళి టీవీలో పెట్టావన్నమాట."

"ఎవరికీ చెప్పలేదు. పుస్తకంలో రాసుకున్నానంతే."

"ఏ పుస్తకంలో?"

"నీ చేతి కింద ఉందిగా."

"ఇదా. ఇందులో చాలా విశేషాలున్నాయి. ఆగు, నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఎక్కడబ్బా. ఆఁ. 'ఈరోజు పెద్దమ్మ నాతో మూడు మాటలు మాట్లాడింది. లే. తే. పో.'"

"పెద్దమ్మా, అది ఇచ్చెయ్యవా."

"తప్పేముందే ఇందులో. ఉన్న మాటేగా. ఇంకోటి. 'అక్క అద్దంలో చూసుకుంటే అద్దానికి కూడా విసుగొస్తుంది.' ఇది అక్కకి చదివి వినిపించాను. చాలా సంతోషించింది. ఇంక జన్మలో నీతో మాట్లాడదట."

"ఇవి ఎవరూ చదవరనుకున్నా."

"ఈ ఇంట్లో తలగడ కింద పెట్టింది ఏదైనా నేను చదువుతాను. పక్క దులిపేది నేనేగా. సరే, అది అలా ఉంచు. నాలుగింటికి టీవీవాళ్ళు వస్తున్నారు, ఇంటివాళ్ళ మాట తీసుకోవడానికి. ఇంట్లోవాళ్ళే చెప్పారని డైరెక్టరు అందరికీ చెప్పుకున్నాడు. అందుకని ఆ ఇంట్లోవాళ్ళే మాట్లాడాలి. ఇదిగో కాగితం. పెదనాన్న రాశారు. చదువు."

"'నేను ఈ ఇంటి పిల్లని. అందరూ నన్ను మెచ్చుకోవాలని ఆ మాట నేనే కల్పించాను. మా ముత్తవ్వ అలా అనలేదు. నన్ను క్షమించండి.'"

"గట్టిగా."

"'నేను ఈ ఇంటి పిల్లని. అందరూ నన్ను...' నేను కల్పించలేదు పెద్దమ్మా."

"కల్పించావని ఉంది కదా అందులో."

"కానీ కల్పించలేదు."

"నోటికి రాకపోతే పక్కనుంచి నేను అందిస్తాలే. నీకు భాష వచ్చు కాబట్టి ఆరుసార్లు అక్కర్లేదు."

"బళ్ళో అందరూ చూస్తారు."

"చూడాలనే గదా. కాసేపు బాగుంటుందన్నావుగా ఇందాక. రేపట్నించి నీకు కొత్త పేరు కూడా వస్తుంది. గుసగుస పోయి కల్పన. అమ్మాయికి ఎంత బాగా నప్పిందో. కల్పనా, ఇలా రా. కల్పనా, హోంవర్కు నువ్వే చేశావా, లేక..."

"నేను చదవను."

"ఏంటి?"

"చదవను అన్నాను."

"మంచిది. సంచి సర్దుకో. సాయంత్రం బస్సుకి మీ నాన్న దగ్గరికి పంపేస్తాం. అక్కడ ఆ కొత్తావిడ తలుపు తీస్తుందో లేదో చూద్దాం. పోయినసారి గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డావు? పుస్తకంలో రాసుకున్నావుగా. చూసి చెప్పనా?"

"వద్దు."

"గంటన్నర. తీశాక కూడా 'ఎవరు కావాలి' అందట. నువ్వే రాశావు."

"నాన్న ఊళ్ళో లేడు అప్పుడు."

"ఎప్పుడున్నాడు? ఏడవకు. కళ్ళు ఉబ్బితే మేమేదో కొట్టి చెప్పించామనుకుంటారు."

"నాన్నమ్మని అడగొచ్చుగా పెద్దమ్మా. 'నేనే అన్నాను' అని తను చెబితే నేను కల్పించలేదని తెలుస్తుంది. ఆ రోజు నాన్నమ్మ ఈ ఇంట్లోనే ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లట. ఇంక బతికున్నది తనొక్కతే."

"ఆవిడ ఆ గొడవ జరిగినంతసేపూ నిద్రపోయిందట. ఇన్నేళ్ళుగా అదే చెబుతోంది."

"నిద్రపోయినావిడకి ఆ మాట ఎలా తెలిసింది మరి?"

"అదీ నిజమే."

"అడుగుదామా?"

"ఒసేయ్, ఇలా చూడు. నువ్వు నిజంగా విన్నావా? నామీద ఒట్టేసి చెప్పు."

"నీమీద ఒట్టు."

"నామీద అంత తొందరగా వేశావంటే ఆలోచించాలి. ఇరవై రెండేళ్ళు, తెలుసా? ఇరవై రెండేళ్ళు మీ ముత్తవ్వ ఫొటో కింద కూర్చుని కూరగాయలు తరిగాను. పాలు పొంగితే, 'ఆవిడ గుమ్మంలో ప్రాణం ఒడ్డింది, నువ్వు గిన్నె దగ్గర నిలబడలేవా' అంటారు మీ నాన్నమ్మ. పురిటి నొప్పుల్లో అరిస్తే, 'మా అమ్మ నుదురు పగిలినా కుయ్యిమనలేదు' అంటారు. ఇప్పుడు అదేదో... సరే. పద."

"అడుగుతావా?"

"నేను కాదు. నువ్వే అడుగు. నేను వెనకాల నిలబడతా. ఆవిడ తన నోటితో 'నేనే అన్నాను' అంటే చాలు, ఈ కాగితం నేనే చింపి పొయ్యిలో వేస్తాను. పెదనాన్నకి కూడా నేనే చెప్పుకుంటాను."

"నిజంగానా?"

"మొహం తుడుచుకుని పద."

నాన్నమ్మ గది ముందు. తలుపు జానెడు తెరిచి ఉంది. లోపల నాన్నమ్మ. బయట నేను, నా వెనకాల పెద్దమ్మ.

"నాన్నమ్మా, నేను."

"తెలుసు. తలుపు తొయ్యకు. అక్కడ్నించే చెప్పు."

"నిన్న టీవీలో వచ్చిన మాట..."

"నేను టీవీ చూడను."

"ముత్తవ్వ మాట నాన్నమ్మా. చెప్పులు బయట విడిచి రమ్మన్న మాట. వానాకాలంలో ఒకరోజు నిద్రలో నువ్వన్నావు. నేను మళ్ళీ అడిగాను కూడా. గుర్తుందా?"

"నీ వెనకాల ఎవరు?"

"పెద్దమ్మ."

"ఏమ్మా కోడలా, పిల్లని ముందు పెట్టి నువ్వు వెనక నిలబడ్డావా?"

"నాకేం పని అత్తయ్యా. అదే అడుగుతానంటే తోడొచ్చాను. మీరు అన్నారంటోంది. అన్నారా?"

"నేనేమీ అనలేదు."

"నాన్నమ్మా."

"నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ రోజు నేను నిద్రపోతున్నాను. మా అమ్మ అడ్డం నిలబడింది, తోసేశారు. ఊరందరికీ తెలిసిందే నాకూ తెలుసు. ఈ పిల్లకి రాతలెక్కువ. ఏది విన్నదో ఏది రాసిందో దానికే తెలియదు."

"నువ్వు అన్నావు నాన్నమ్మా. నీ పక్కనే కూర్చున్నా."

"కోడలా, దీన్ని తీసుకెళ్ళు."

"విన్నావుగా కల్పనా. కాగితం భోజనాల బల్ల మీద పెడుతున్నా. తల దువ్వుకుని రా. ఆ పాత గౌను కాదు, బడి బట్టలు వేసుకో. ముత్తవ్వ పేరు జేబు మీద కనపడాలి."

"పెద్దమ్మా, ఒక్క నిమిషం."

"నీ నిమిషం నువ్వు తీసుకో. నాకు అవతల టీ కప్పులు కడిగే పనుంది."

"వెళ్ళిందా మీ పెద్దమ్మ?"

"వెళ్ళింది."

"మెట్లు దిగిందా?"

"దిగింది. ఎందుకు అబద్ధం చెప్పావు నాన్నమ్మా?"

"గట్టిగా మాట్లాడకు."

"నువ్వు అన్నావు కదా."

"అన్నాను."

"మరి పెద్దమ్మతో..."

"అది వినాలని అనలేదు. దానికి చెబితే రేపు పాలవాడికి తెలుస్తుంది."

"నన్ను అబద్ధాలకోరు అనుకుంటారు అందరూ."

"అనుకుంటారు."

"నీకేమీ అనిపించట్లేదా?"

"ఏమని రాశావు ఆ పుస్తకంలో?"

"పుస్తకం పెద్దమ్మ దగ్గరుంది."

"నీకు నోటికొచ్చుగా. చెప్పు."

"'చెప్పులు బయట విడిచి రండి. ఇప్పుడే నేల తుడిచాను.'"

"నేను అలాగే అన్నానా?"

"అలాగే అన్నావు."

"మళ్ళీ ఆలోచించు."

"అలాగే. అంటే, చివర ఒక్క మాట దిద్దాను. పెద్ద మార్పేం కాదు."

"ఏం దిద్దావు?"

"నువ్వు 'తుడిచాను' అనలేదు, 'తుడిచింది' అన్నావు. 'అమ్మ ఇప్పుడే నేల తుడిచింది' అన్నావు. నిద్రలో తడబడ్డావనుకున్నా. మాట్లాడేది ముత్తవ్వ కదా, తన గురించి తనే 'అమ్మ తుడిచింది' అని ఎలా అంటుంది? కర్తని బట్టి క్రియ మారాలని బళ్ళో చెప్పారు. అందుకని 'అమ్మ' తీసేసి 'తుడిచాను' అని పెట్టాను."

"బళ్ళో బాగా చెప్పారు."

"తప్పా?"

"ఎన్ని మార్కులొస్తాయి నీకు భాషలో?"

"నాన్నమ్మా, తప్పా?"

"మా అమ్మ పెరట్లో ఉంది. నేల తుడిచిన గుడ్డ పిండుతోంది. నూతి గిలక చప్పుడులో తనకి తలుపు చప్పుడు వినపడలేదు. నాకు వినపడింది. గడియ కొంచెం ఎత్తులో ఉండేది. పీట వేసుకుని తీశాను."

"నువ్వు..."

"ఇంటికి ఎవరొచ్చినా అలా చెప్పమని మా అమ్మే నేర్పింది. తుడిచిన నేల మీద ఎవరైనా చెప్పులతో నడిస్తే మళ్ళీ నాచేతే తుడిపించేది. అందుకని చెప్పాను. చక్కగా విప్పారు. ఒక ముసలాయన ఉన్నాడు వాళ్ళలో, చచ్చిపోయిన కుర్రాడి తాతట. 'ఇంత బుద్ధి మా ఇంట్లో ఒక్క పిల్లకీ లేదు' అన్నాడు. నాకెంత సంతోషం వేసిందో."

"చిన్న ముత్తాత అటక మీదున్నాడని వాళ్ళకి..."

"అడిగారు."

"నువ్వు చెప్పావా?"

"ఎనిమిదేళ్ళ పిల్లని పెద్దవాళ్ళు అడిగితే ఏం చేస్తుంది? అది నీకనవసరం."

"మరి ముత్తవ్వ అడ్డం నిలబడడం?"

"ఎక్కడ నిలబడింది. అమ్మ వచ్చేసరికి అంతా అయిపోయింది. వాళ్ళు చెప్పులు తొడుక్కుంటున్నారు. తలుపు పగల్లేదు, గడియ ఊడలేదు. ఊరంతా వచ్చి ఎవరు తీశారని అడుగుతుంది కదా. అప్పుడు మా అమ్మ తలుపు చెక్కకేసి నుదురు కొట్టుకుంది. మొదటిసారి నెత్తురు రాలేదు. రెండోసారి ఇంకా గట్టిగా కొట్టుకుంది. 'అడ్డం నిలబడ్డాను, తోసేశారు' అని తనలో తనే రెండుసార్లు అనుకుంది. నావైపు తిరిగి 'నువ్వు నిద్రపోతున్నావు' అంది. అంతే. పోయేదాకా ఆ ఊసెత్తలేదు. నాకు జడ వేసినా వెనకనుంచే వేసేది. నా మొహం చూడలేదు మళ్ళీ."

"నాన్నమ్మా, చిన్నపిల్లవి కదా. నీ తప్పేముంది? నాలుగింటికి వాళ్ళొచ్చినప్పుడు చెబుదాం. ముత్తవ్వ నీకోసమే అలా చెప్పిందని చెబుదాం. అందరికీ అర్థమవుతుంది."

"ఆ తర్వాత తొమ్మిది మంది పోయారు. అందులో మా నాన్న ఒకడు. ఒక్కొక్కళ్ళని మోసుకొచ్చినప్పుడల్లా నేను నిద్రపోతూనే ఉన్నాను. ఇప్పుడు లేపుతావా నన్ను?"

"లేపడం కాదు..."

"నేను చిన్నపిల్లని కాదే ఇప్పుడు. ఎనభై ఏళ్ళదాన్ని. ఎనభై ఏళ్ళ మనిషి తలుపు తీశానంటే వాళ్ళకి ఎనిమిదేళ్ళ పిల్ల కనపడదు. ఈ మొహమే కనపడుతుంది. తెలియక చేసిందని ఎవరినైనా వదిలెయ్యాలంటే దానికి చిన్నపిల్లే కావాలి. నీకు పదిహేను. నువ్వు సరిపోతావు."

"నేనా?"

"కాగితం నాలుగు వరసలేగా. చదివెయ్యి."

"ముత్తవ్వ నీకోసం అబద్ధం చెప్పింది. నువ్వు నాతో..."

"మా అమ్మ నా తల్లి. నేను నీకు తల్లిని కాను."

"నేను చదివితే ఇంక ఎవరూ నా మాట నమ్మరు. ఎప్పుడూ. ఏం రాసినా కల్పించానంటారు."

"రాయడం మానెయ్యి."

"పోనీ, రాత్రికి ఎప్పట్లాగే ఇక్కడ పడుకోవచ్చా?"

"నీ దుప్పటీ చాపా పొద్దున్నే అక్క గదిలో పెట్టించాను."

"అక్క నన్ను రానివ్వదు నాన్నమ్మా."

"అది మీ ఇద్దరి గొడవ."

"అయితే ఇదొక్కటి చెప్పు. చదువుతాను, నువ్వు చెప్పమన్నట్టే చెబుతాను. నాకు ఒక్కదానికైనా తెలియాలి. నిద్రలో నీకు తెలియకుండా అనేశావు, నేను దాన్ని విని రాసేసుకున్నాను, అందుకేనా ఇంత కోపం? నిద్రలో మాటని రాయకూడదని నాకు తెలీదు. తెలిస్తే రాసేదాన్ని కాదు."

"నిద్రలో అన్నానని ఎవరు చెప్పారు నీకు? కళ్ళు మూసుకున్నాను, అంతే. పక్కన నీ కలం గీరుకుంటున్న చప్పుడు వింటూ, నువ్వు వెనకబడితే ఆగి ఆగి చెప్పాను, డెబ్భై రెండేళ్ళలో ఒక్కసారి. అన్నది అన్నట్టు రాస్తావనుకున్నాను. వేళ్ళు తియ్యి, తలుపు వేసుకోవాలి."